ఉప్పునీటి అక్వేరియానికి టెస్ట్ కిట్లు కొనే ముందు

డబ్బా మీద 'సాల్ట్ వాటర్' అని ఉందో లేదో ముందు చూడండి. కొన్ని కిట్లు మంచినీటికీ ఉప్పునీటికీ పనిచేస్తాయి, కానీ రంగుల చార్టులు వేరు.

• కొత్త ట్యాంకుకు అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ కిట్లు ఉండాల్సిందే. చేపలు మాత్రమే పెంచితే కాల్షియం, మెగ్నీషియం కిట్లకు డబ్బు పెట్టకండి. గట్టి పగడాలు పెడితే మాత్రం ఆ రెండూ, ఆల్కలినిటీ (నీటి పీహెచ్‌ను పడిపోకుండా నిలబెట్టే గుణం) కిట్టూ తప్పవు.

• గడువు తేదీని ప్రతి సీసా మీదా చూడండి.

• నీళ్లలో ముంచే స్ట్రిప్స్ కంటే, ట్యూబులోని నీళ్లలో మందు చుక్కలు వేసే కిట్టే నయం. అయితే చాలా నైట్రేట్ కిట్లలో ఒక సీసా మందు అడుగున గట్టిపడుతుంది. ఒకసారి దాన్ని సరిగా ఊపకుండానే చుక్కలు వేశాను. ట్యూబులో నీళ్లు పసుపుగానే ఉండిపోయాయి, నైట్రేట్ లేదనుకున్నాను. సీసాను టేబుల్‌కు తట్టి, అర నిమిషం గట్టిగా ఊపి మళ్లీ చేస్తే ఎర్రబడింది! పాపం చేపలు అన్నాళ్లూ ఆ నీళ్లలోనే ఉన్నాయి.

• ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో పాటు అది సరిగా చూపిస్తోందో లేదో సరిచూసుకునే 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) కాలిబ్రేషన్ ద్రావణం కూడా అడిగి తీసుకోండి.

• కిట్లలోని కొన్ని మందులు చర్మాన్ని కాలుస్తాయి. పిల్లలకు అందని అలమారాలో చోటు చూసుకున్నాకే కొనండి.