మ్యాప్ చెప్పిందని మత్తడిలోకి దిగకండి

వరంగల్ నుంచి ములుగు వైపు కారులో పోయేవాళ్లు ముందు ఫోన్ మ్యాప్‌లో ఊరి పేరు సరిచూసుకోవాలి. రామప్ప గుడి ఉన్న పాలంపేట వెంకటాపూర్ మండలంలోది, గోదావరి అవతల వెంకటాపురం అని ఇంకో మండలం ఉంది, రెండూ ములుగు జిల్లాలోనే. వేలు జారి రెండోది నొక్కారంటే ఫోన్ మారుమాట్లాడకుండా అక్కడికే తీసుకుపోతుంది. అందుకే స్టార్ట్ కొట్టే ముందు దారి మొత్తాన్ని చిన్నగా చేసి, మధ్యలో తగలాల్సిన ఊళ్లు తగులుతున్నాయో లేదో చూడండి. బండి గుర్తు కూడా చూడండి. నేనోసారి బైక్ గుర్తు మార్చడం మరిచిపోయి కారుతో పొలాల బాటలోకి దిగాను, ఎదురుగా వరికోత మిషన్, అర కిలోమీటరు రివర్స్!

హన్మకొండ, కాజీపేటల్లో మ్యాప్ ట్రాఫిక్ సంగతి చెబితే మాత్రం నమ్మొచ్చు, అక్కడ తిరిగే ఫోన్లే దానికి ఆ కబురు అందిస్తుంటాయి. తాడ్వాయి అడవిలో అన్ని ఫోన్లుండవు. సిగ్నల్ పోయినా జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తుంది కాబట్టి మీ చుక్క కదులుతూనే ఉంటుంది, కింద మ్యాపే తెల్లబోతుంది, కాబట్టి ఇంట్లోనే ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి.

అసలు భయపడాల్సింది వానాకాలం. మన దగ్గర సగం ఊళ్ల దారులు చెరువు కట్టల మీదుగానో, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు) కిందుగానో, లోలెవల్ వంతెనల మీదుగానో పోతాయి, వాగు పొంగితే ఆ సంగతి మ్యాప్‌కు ఎక్కేసరికి వాగు తగ్గిపోయినా తగ్గిపోతుంది. 2023 జులైలో అదే వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది, భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. అలాంటప్పుడు ఫోన్ పక్కన పెట్టి పంక్చర్ షాపు దగ్గరో, చాయ్ హోటల్ దగ్గరో ఆగి అడగండి. "అన్నా, ఈ తొవ్వ పోతదా?" అని అడిగితే "పోతది" అనే అంటారు, వాళ్లు చెప్పేది బైక్ లెక్క. "కారు పోతదా, వాగు పారుతున్నదా, పొద్దుగాల అటు నుంచి ఎవరన్న వచ్చిండ్రా" అని విడివిడిగా అడగాలి.

నీళ్ల కింద రోడ్డు కనిపించకపోతే ముందు బండి దాటిందని మీరు దిగొద్దు, వాళ్లు దాటాక కల్వర్టు కుంగిందో ఏమో. వెనక్కి తిప్పండి. కాసేపు యూటర్న్ యూటర్న్ అని మొత్తుకుంటుంది, సౌండ్ తగ్గించుకోండి.