‘లాస్ట్ నైట్ ఇన్ సోహో’ ఎలా చూడాలంటే

ముందు ట్రైలర్ చూడకండి, అందులో చాలానే బయటపెట్టేశారు. నేనూ ఎండింగ్ జోలికి పోను.

ఎడ్గార్ రైట్ 2021లో తీసిన హారర్ సినిమా ఇది, నిడివి రెండు గంటలకి కాస్త తక్కువ. సోహో అంటే లండన్ నడిబొడ్డున ఉన్న ఓ పేట. కార్న్‌వాల్ నుంచి ఫ్యాషన్ చదవడానికి లండన్ వచ్చిన ఎలోయిజ్‌కి 1960లంటే పిచ్చి. హాస్టల్లో ఇమడలేక ఓ పెద్దావిడ ఇంట్లో పైగది అద్దెకు తీసుకుంటుంది, రాత్రి నిద్రపట్టగానే పాటగత్తె కావాలని కలలు కనే శాండీ జీవితంలోకి, అరవైల లండన్‌లోకి వెళ్లిపోతుంది.

రాత్రి పూట, లైట్లన్నీ ఆర్పేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. మొదట్లో దెయ్యం ఎప్పుడొస్తుందా అని టెన్షన్ పడకండి, ఆ పాటలకీ ఆ గౌన్లకీ మీరూ పడిపోవాలి, ‘ఆ రోజులే వేరు’ అని మనసులో అనుకోవాలి, లేకపోతే తర్వాత జరిగేది అంతగా గుచ్చుకోదు.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది మొదటి కల మీద. ఎలోయిజ్ చీకటి సందులోంచి వెలుగులోకి వస్తుంది, ఎదురుగా ‘థండర్‌బాల్’ అనే జేమ్స్ బాండ్ సినిమా బోర్డు ధగధగలాడుతుంటుంది, అంటే అది 1965. అక్కడి నుంచి కఫే డి పారిస్ క్లబ్బులోకి వెళ్తుంది. అద్దంలో కనిపించేది మాత్రం ఎలోయిజ్ కాదు, శాండీ. ఇదంతా కంప్యూటర్ మాయ అనుకుంటాం గానీ చాలావరకు సెట్‌లోనే చేసిన గారడీ, కోటు తీసుకునే మనిషికీ అద్దంలో అతని ప్రతిబింబానికీ ఏకంగా కవలల్ని పెట్టారు. తర్వాత డాన్స్ వస్తుంది. శాండీని చేరదీసే జాక్‌గా నటించిన మ్యాట్ స్మిత్ చేతుల్లో ఒక క్షణం శాండీ, మరుక్షణం ఎలోయిజ్. కట్ లేకుండా, కెమెరా కాస్త పక్కకి తిరిగేలోపు ఒక నటి తప్పుకుని ఇంకో నటి వచ్చి చేరుతుంది. వెనక్కి తిప్పి ఈ డాన్స్ ఒక్కటీ ఇంకోసారి చూడండి, ఈసారి మొహాలు వదిలేసి కాళ్ల మీద కన్నేయండి.

ఎలోయిజ్ అద్దె గది కిటికీ బయటి నియాన్ బోర్డు మీద కూడా ఓ కన్నుండాలి. దాని ఎరుపు, నీలం వెలుగులు గదిలో ఎలా పడుతున్నాయో గమనిస్తూ ఉండండి. కెమెరా పట్టింది చుంగ్ హూన్ చుంగ్, కొరియన్ సినిమా ‘ఓల్డ్‌బాయ్’కీ కెమెరా పట్టినాయన.

కాస్త చరిత్ర తెలిస్తే సినిమా ఇంకా బాగా ఎక్కుతుంది. వీధుల్లో నిలబడి విటుల్ని పిలవడాన్ని అణచడానికి బ్రిటన్‌లో 1959లో గట్టి చట్టం తెచ్చారు, దాంతో ఆ వ్యాపారం ఆగలేదు సరికదా, సోహో క్లబ్బుల్లోకీ మేడ మీది గదుల్లోకీ చేరింది. స్టేజి మీద పాట సాగుతూ శాండీ వెనక డాన్స్ చేస్తుంటే ముందు బల్లల దగ్గర కూర్చున్న మగాళ్ల చూపులు అందుకే గమనించమంటాను, అక్కడ పాట వినేవాడు ఎవడూ లేడు.

నటుల విషయంలో కూడా దర్శకుడు కావాలనే ఓ పని చేశాడు. ఇంటావిడగా డయానా రిగ్, అమ్మమ్మగా రీటా టషింగ్‌హామ్, తెల్లజుట్టు పెద్దమనిషిగా టెరెన్స్ స్టాంప్, ముగ్గురూ నిజంగానే అరవైల్లో వెలిగినవాళ్లు. రిగ్ 2020లో, సినిమా విడుదల కాకముందే పోయారు, మొదట్లో వచ్చే అంకితం ఆవిడకే.

రెండో సగంలో మొహాల్లేని మగాళ్లు మళ్లీ మళ్లీ వస్తారు, మూడోసారికే నాకు భయం పోయి విసుగొచ్చింది. ముగింపు కూడా అందరికీ నచ్చదు, శాండీకి న్యాయం జరిగిందా అని చూసినవాళ్లు వాదించుకుంటూనే ఉంటారు. అయినా ఆ మొదటి గంట కోసం చూడొచ్చు.

ఇంట్లో అందరూ కూర్చుని చూసే సినిమా మాత్రం కాదు. లైంగిక దోపిడీ, కత్తిపోట్లు, రక్తం బాగానే ఉన్నాయి, బ్రిటన్‌లో 18 సర్టిఫికెట్ ఇచ్చారు, అంటే పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే. అలాంటివి చూస్తే నిద్ర పట్టనివాళ్లు పగలే చూడండి, లైట్లు ఆర్పమన్న సంగతి మర్చిపోండి.