ఇంట్లో రామచిలుక ఉంటే ఏం చేయాలి

పంజరంలో రామచిలుకని పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, జాతకం చెప్పే చిలకైనా అంతే, చాలామందికి ఇది తెలీదు. ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే పాపం అని డాబా మీంచి వదిలేయకండి ప్లీజ్. ముందు రెక్క చూడండి, పొడవాటి ఈకలు కత్తెరతో కోసినట్టు సమంగా ఉంటే అది సరిగా ఎగరలేదు, కాకులో పిల్లులో చంపేస్తాయి, కొత్త ఈకలు రావాలంటే నెలలు పడుతుంది, అందుకే ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి అప్పగించండి. వాళ్లొచ్చేదాకా జామకాయ, నానబెట్టిన శనగలు, నీళ్లు పెట్టండి, చాక్లెట్ అస్సలు వద్దు.

సంతలో చూసి జాలేసి కొనడం కూడా వద్దండీ, ఆ డబ్బు చూసి ఇంకో తొర్రలోంచి పిల్లల్ని తీస్తారు.

మనవాళ్లు లవ్ బర్డ్స్ అనే బడ్జీలు ఆస్ట్రేలియావి, పెంచొచ్చు, కానీ ఒక్కదాన్నే ఉంచకండి, రోజూ కాసేపు ఫ్యాన్ ఆపేసి, కిటికీలు మూసి గదిలో ఎగరనివ్వండి.