ఇంట్లో పాముల పెంపకం – 4వ పాఠం: కాటా, తూకం, లెక్క

పోయిన పాఠంలో పాము డబ్బాకు వేడి అమర్చుకున్నాం. ఈసారి కాటా పని. పాము ఎదుగుతోందో లేదో కంటిచూపుతో తేలదు, రోజూ చూసేవాళ్లకైతే అసలే తేలదు. పొడవు కొలుద్దామంటే అది తిన్నగా పడుకోదు, సాగదీస్తే వెన్నుకు దెబ్బ. ఇంట్లో నమ్మకంగా దొరికే అంకె బరువొక్కటే. దాన్ని ఏ రోజు, తిండికి ముందా తర్వాతా తూచారో పక్కన రాసి ఉంటేనే ఆ నమ్మకం.

అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కార్న్ స్నేక్ (విషం లేని అమెరికా పాము) పిల్ల ఇంచుమించు 5 నుంచి 8 గ్రాములుంటుంది. వంటింటి కాటా గ్రాము కంటే చిన్న తేడా చూపదు. 6 గ్రాముల పిల్లకు గ్రాము తప్పు పోయిందంటే ఆరోవంతు పోయినట్టే. అలాంటి పిల్లలకు 0.1 గ్రాము చూపే చిన్న కాటా కావాలి, బెంగళూరు నగరత్‌పేటలో నగల పనివాళ్ల ముందు కనిపించే రకం. బాల్ పైథాన్ (ఆఫ్రికాకు చెందిన చిన్నరకం కొండచిలువ) పిల్లే దాదాపు 50 గ్రాములు, ఆపైన ఉంటుంది కాబట్టి దానికి 5 కిలోల డిజిటల్ కాటా చాలు, పెద్దయ్యాకా అదే పనికొస్తుంది. అయితే పిండి తూచే కాటా మీద పామును పెట్టకండి. పాముల ఒంటిమీదా మలంలోనూ సాల్మొనెల్లా అనే, మనుషులకు విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవి ఉండొచ్చు. దీనికంటూ వేరే కాటా ఉంచుకోండి, పనయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

కాటా నిజం చెబుతోందా అన్నది చిల్లరతో తేల్చుకోవచ్చు. 2011లో వచ్చిన రకం అయిదు రూపాయల పసుపు బిళ్ల 6 గ్రాములు. పది పెడితే 60 చూపాలి, అరిగిన బిళ్లలైతే ఓ పిసరు తక్కువ. 2019 రకం బిళ్ల 6.74 గ్రాములు కాబట్టి రెండూ కలిపారంటే మంచి కాటా మీద నింద పడుతుంది.

ఇక తూకం. ఫ్యాను ఆపండి. గాలి తగిలితే 0.1 గ్రాము కాటా మీద అంకె నిలవదు. కాటాను గట్టి బల్ల మీదో నేల మీదో పెట్టండి, పరుపు మీద వద్దు. పామును తూచడానికి గాలికి రంధ్రాలున్న, మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. డబ్బా వెడల్పై అంకెలు కనపడకపోతే కింద ఒక గిన్నె బోర్లించి ఎత్తు చేయండి. డబ్బా అంచుగానీ, కప్పిన గుడ్డ కొసగానీ బల్లకు తగిలితే బరువు తక్కువ చూపుతుంది.

ఖాళీ డబ్బా పెట్టి టేర్ (అంకెను సున్నాకు తెచ్చే మీట) నొక్కి, తర్వాత పామును పెట్టడం అందరూ చేసే పద్ధతి. చిక్కెక్కడంటే, పాము చేతికి చుట్టుకుని దిగనంటుంది, ఈలోగా కాటా తనంతట తాను ఆరిపోతుంది, మళ్లీ వేస్తే టేర్ పోయి ఉంటుంది. అందుకే మేం చెప్పేది తీసివేత: పాముతో సహా డబ్బా మొత్తం బరువు రాయండి, పామును తీశాక ఖాళీ డబ్బా తూచండి, తేడాయే పాము బరువు. డబ్బాలోనే విసర్జించిందనుకోండి, దాన్ని అలాగే ఉంచి డబ్బా తూస్తే విసర్జన పోను పాము బరువు వస్తుంది. తుడిచి తూస్తే విసర్జన కూడా కలిసిన బరువు. ఏది రాశారో పక్కన రాయండి. పాము కదులుతుంటే మూడుసార్లు చూసి మధ్య అంకె తీసుకోండి. డబ్బా మీద నల్లగుడ్డ కప్పితే చాలావరకు కుదురుగా ఉంటుంది.

తిండి పెట్టే రోజు, పెట్టకముందు తూచండి. తిన్నాక కనీసం 48 గంటలు పామును కదపకూడదు, కక్కేస్తుంది. కుబుసానికి ముందు కళ్లు పాలరంగుకు తిరిగినప్పుడూ వదిలేయండి.

ఇప్పుడు అసలు పాఠం, అంకెను చదవడం. ఊహకు ఒక బాల్ పైథాన్ పిల్ల. 7వ తేదీన కడుపు ఖాళీ, 212 గ్రాములు, 20 గ్రాముల ఎలుకను తింది. 14న 225, ఈసారి 22 గ్రాముల ఎలుక. 19న బాగా విసర్జించింది. 21న 222. వారంలో 3 గ్రాములు తగ్గిందని కంగారు పడేది ఇక్కడే. 14వ తేదీ అంకెలో కడుపులోని మలం బరువు కూడా ఉంది. ఖాళీ కడుపుకు ఖాళీ కడుపు పోల్చండి: 212 నుంచి 222, రెండు వారాల్లో 10 గ్రాముల ఎదుగుదల. నోటుపుస్తకంలో తేదీ, బరువు, తిండి బరువుతో పాటు విసర్జన, కుబుసం గడులు ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు చల్లబడితే పెద్ద బాల్ పైథాన్లు, ముఖ్యంగా మగవి, వారాల తరబడి తిండి ముట్టకపోవచ్చు. అప్పుడు ఎలుకను మార్చి మార్చి ముందు పెట్టడం కన్నా, ముందు డబ్బాలో వేడి సరిచూసి, రెండు వారాలకోసారి తూచడం మేలు. 1400 గ్రాముల పాము 1380 దగ్గర ఆగితే ఆగనివ్వండి. 10 శాతం, అంటే 140 గ్రాములు పోయి 1260కి దిగితే పుస్తకం పట్టుకుని సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ముక్కు కారడం, నోరు తెరిచి ఊపిరి తీయడం ఉంటే 10 శాతం దాకా ఆగొద్దు. పిల్లపాములకూ అంత గడువు లేదు.

ఒక మాట పక్కన. జెర్రిపోతు, కొండచిలువ లాంటి మనదేశపు పాములను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్‌ను 2024 నిబంధనల కింద కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

ఈ పాఠానికి పని: రెండుసార్లు, రెండూ తిండికి ముందే, తీసివేత పద్ధతిలో తూచి రాయండి. వచ్చే పాఠంలో ఆ బరువును బట్టి ఎలుక సైజు ఎంచుకోవడం.