పదో తరగతి ఫలితాలు: హెచ్‌ఎం ఏ నిర్ణయం ఎప్పుడు తీసుకోవాలి

పబ్లిక్ పరీక్షలు మార్చిలో, హడావిడి జనవరిలో. చాలా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో నడిచేది ఇదే. కానీ ఫలితాన్ని చాలావరకు తేల్చేవి జూన్‌లో బడి తెరవగానే హెచ్‌ఎం (హెడ్‌మాస్టరు) సంతకం పెట్టే రెండు కాగితాలు: ఎవరికి ఏ తరగతి, ఏ పీరియడ్‌లో ఏ సబ్జెక్టు.

ముందు తరగతుల పంపకం. లెక్కల్లో గట్టి టీచరును పదో తరగతికే కట్టేయడం అలవాటు. అలా చేస్తే ఎనిమిదిలో బీజగణితం పట్టుబడని పిల్లలే రెండేళ్ల తర్వాత ఆయన ముందుకొస్తారు. లెక్కల టీచర్లు ఇద్దరుంటే పదిలో చెరో సెక్షన్, ఎనిమిది, తొమ్మిదిల్లో చెరికొన్ని ఇవ్వండి. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టకండి. 'బి' సెక్షన్ అంటే మొద్దులన్న పేరు పడ్డాక అక్కడ పిల్లలే కాదు, టీచర్లూ ఆశ వదిలేస్తారు.

టైంటేబుల్ వేసేముందు ఓ వారం పాటు హాజరు ఎన్ని గంటలకు నిండుతోందో గమనించండి. పక్క ఊళ్ల నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చే పిల్లలు రోజూ ప్రార్థన అయ్యాక దిగుతుంటే, మొదటి పీరియడ్ లెక్కలు వాళ్లకు ఏడాదంతా పోయినట్టే. రెండో పీరియడ్‌కు జరపండి. బస్సు వేళ మార్చమని డిపో మేనేజరుకు అర్జీ కూడా ఇవ్వండి.

ఈ రెండూ టీచర్లతో కూర్చుని తేల్చాల్సినవి. హెచ్‌ఎం ఒక్కరే రాసి నోటీసు బోర్డుకు అంటిస్తే కాగితం మీద అమలవుతుంది, క్లాసులో కాదు. అలాగని ఆలస్యంగా రావడం, పరీక్షల్లో చూసిరాతలు చర్చకు పెట్టకండి. అవి మీరే తేల్చాలి, అందరికీ ఒకటే రూలు. స్టాఫ్ మీటింగుకు నలభై నిమిషాలు, రెండే అంశాలు చాలు. కిందటి మినిట్స్‌తో మొదలుపెట్టి, ప్రతి తీర్మానం పక్కన చేసేదెవరో, ఎప్పటిలోగానో రాయించండి. 'పిల్లలపై శ్రద్ధ వహించవలెనని తీర్మానించడమైనది' అన్న వాక్యం రిజిస్టరుకు తప్ప ఎవరికీ పనికిరాదు.

ఎవరైనా సీఎల్ (క్యాజువల్ లీవు) పెడితే ఆ పీరియడ్‌ను ఖాళీగా ఉన్నవారికి కాక, ఆ క్లాసుకు పాఠం చెప్పే వేరే టీచరుకు ఇవ్వండి. సెలవు నుంచి వచ్చినాయన తన పీరియడ్ ఒకటి ఆ టీచరుకు బదులు ఇస్తే సరి. లేకపోతే అది గోల ఆపే పీరియడే.

ఎస్‌ఏ-1 (ఏడాది మధ్యలో జరిగే సమ్మెటివ్ పరీక్ష) మార్కులు వచ్చాక సగటు చూడకండి. బాగా చదివే నలుగురి మార్కుల కింద మిగతావారి పరిస్థితి కనిపించదు. సబ్జెక్టువారీగా, వందకు లెక్కేసి, 20 లోపు, 20–40, ఆపైన అని మూడు జాబితాలు రాయించండి. తర్వాత మొదటి జాబితాలోంచి పది జవాబు పత్రాలు మీరే తెరవండి. తప్పు రాస్తే పాఠం అర్థం కాలేదని. పేజీలు ఖాళీగా ఉంటే మాత్రం ఆ పిల్లవాణ్ణి పిలిచి ప్రశ్న చదివించి చూడండి. ప్రశ్నే చదవలేకపోతే బిట్ పేపర్లు, గైడ్లు ఎన్ని రుద్దినా దండగ. రోజూ అరగంట పైకి చదివించాలి, డిసెంబరు దాటితే అందుకూ వ్యవధి ఉండదు. మధ్య జాబితావాళ్లు పాస్ మార్కు 35 దాటేది మాత్రం ఎంపిక చేసిన పాఠాలను మళ్లీమళ్లీ రాయించడంతోనే.

స్పెషల్ క్లాసులు రోజుకు ఒకే సబ్జెక్టు, గంట చాలు. మధ్యాహ్నం తిన్న అన్నం సాయంత్రానికి ఆగదు. దాతలనో తల్లిదండ్రుల కమిటీనో అడిగి గుగ్గిళ్లో అరటిపండో ఏర్పాటు చేయండి. చలికాలంలో త్వరగా చీకటి పడుతుంది, దూరం నుంచి వచ్చే ఆడపిల్లలను ఇంట్లోవాళ్లు మాన్పించేస్తారు. అలాంటి ఊళ్లో క్లాసు ఉదయానికి మార్చండి. జనవరి తర్వాత మాత్రం టీచర్లనూ టైంటేబుల్‌నూ కదపకండి, పైనుంచి ఎంత ఒత్తిడి వచ్చినా.