ఎలక్ట్రిక్ మొబిలిటీ స్కూటర్: షోరూముకు వెళ్లేముందు గడప కొలవండి

మన దగ్గర స్కూటరంటే రోడ్డు మీద తిరిగే బండే గుర్తుకొస్తుంది గనుక, ఇక్కడ చెబుతున్నది ఏ బండి గురించో ముందే చెప్పాలి. మోకాళ్ల నొప్పుల వల్లనో, ఆయాసం వల్లనో నాలుగడుగులు వేసి ఆగిపోయే పెద్దవారు సీటులో కూర్చొని, ఎదురుగా ఉన్న హ్యాండిల్ తిప్పుకుంటూ నడక వేగంతోనో, అంతకు కాస్త మించిన వేగంతోనో వెళ్లే బ్యాటరీ బండి ఇది. లేచి నిలబడి రెండు మూడు అడుగులు వేయగలిగి, ఆసరా లేకుండా నిటారుగా కూర్చోగలిగి, రెండు చేతులూ చాచి హ్యాండిల్ పట్టుకోగలిగినవారికే ఇది పనికొస్తుంది. పక్షవాతంతో ఒక చేతి పట్టు తప్పినవారికి ఒక్క చేత్తో కదిపే చిన్న పుల్ల లాంటి జాయ్‌స్టిక్‌తో నడిచే పవర్ వీల్‌చైరే మేలు. చూపు బాగా మందగించినవారి విషయంలో డాక్టరును అడగకుండా ఏ బండీ కొనకూడదు.

ఇక బండ్లు చూడడానికి బయల్దేరేముందు టేపు పట్టుకొని ఇల్లు కొలవాలి. చాలామంది ఈ పని బండి ఇంటికి వచ్చాక చేస్తారు. వీధి తలుపు వెడల్పుగానే ఉన్నా పడకగది తలుపు ఇరుకుగా ఉండవచ్చు. గడప ఎత్తు రెండంగుళాలైనా చిన్న చక్రాల బండి అక్కడే ఆగిపోవచ్చు. అపార్టుమెంటువారికి అసలు పరీక్ష లిఫ్టులో ఉంటుంది. చిన్న స్కూటరు కూడా సుమారు మీటరు పొడవుంటుంది, పెద్దవి అంతకంటే చాలా పొడవు. మీరు అనుకుంటున్న మోడల్ పొడవు, వెడల్పులకు సరిపడా పాత వార్తాపత్రికలు అతికించి లిఫ్టులో పరిచి చూడండి. కాగితం అంచు మడత పడితే ఆ బండి మీది కాదు.

తరువాతది వాలు. వీల్‌చైర్ ర్యాంపులకు సాధారణంగా పాటించే కొలత ప్రకారం ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అది 5 డిగ్రీలకు కొంచెం తక్కువ. బ్రోచరులో 8 డిగ్రీల వాలు ఎక్కుతుందని రాసి ఉంటే, సుమారు ఏడడుగుల పొడవులో ఒక అడుగు ఎత్తు అని అర్థం. మన వీధుల్లో మోటారుసైకిలు ఎక్కించడానికి గేటు ముందు మురుగు కాలువ మీదుగా పోసే సిమెంటు వాలు, రెండు మూడు అడుగుల పొడవులోనే అడుగు ఎత్తు లేచిపోతుంది. దాని మీద స్కూటరు వెనక్కి ఒరిగే ప్రమాదముంది కాబట్టి, కొన్ని ఇళ్లకు బండి కంటే ముందు తాపీమేస్త్రీ అవసరమవుతాడు.

మూడు చక్రాలదా, నాలుగు చక్రాలదా అన్న ప్రశ్నకు జవాబు ఎక్కడ తిరుగుతారన్నదాన్ని బట్టే దొరుకుతుంది. మూడు చక్రాలది ఇరుకు చోటులో చక్కగా మలుపు తిరుగుతుంది, కాళ్లకూ చోటు ఎక్కువ. కాని వేగంగా తిప్పినా, ఎగుడుదిగుడు నేల మీద నడిపినా ఒరిగే అవకాశం కూడా ఎక్కువే. గుడికో, పార్కుకో వీధిలో వెళ్లేవారికి నాలుగు చక్రాలే నా సలహా. అప్పుడు నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం ఎంతో అడగడం మరవకండి, ఎందుకంటే ప్రయాణాలకని చేసిన మడత స్కూటర్లు మన స్పీడ్ బ్రేకర్ల మీద పొట్ట ఆనించి కూర్చుండిపోతాయి. టైర్లు గాలివైతే కుదుపు తక్కువ, గట్టి రబ్బరువైతే పంక్చరు బెడద లేదు.

ఒక్క చార్జింగుతో ఇన్ని కిలోమీటర్లు అని కంపెనీ చెప్పే లెక్క కొత్త బ్యాటరీకి, చదునైన నేలకు, తేలికపాటి మనిషికి వర్తించేది. అందులో సగమే నమ్మి మీ అవసరం లెక్క వేసుకుంటే నడివీధిలో ఆగిపోరు. లెడ్ యాసిడ్ బ్యాటరీ చవక, కాని బరువు. చార్జి దిగిన స్థితిలో వారాల తరబడి వదిలేస్తే పాడవుతుంది. లిథియం తేలిక, ఖరీదెక్కువ. అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్లివచ్చే తల్లిదండ్రులైతే ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. మడత బండి నుంచి విడదీసి క్యాబిన్‌లోకి తీసుకెళ్లే లిథియం బ్యాటరీ ఒక్కటే అయితే 300 వాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే విద్యుత్తు కొలత) మించకూడదు, పైగా విమాన సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి. వోల్టులను ఆంపియర్ అవర్లతో హెచ్చిస్తే వాట్ అవర్లు వస్తాయి: 24 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లయితే 240.

కారు డిక్కీలో పెట్టుకోవచ్చని అమ్మేవారు చెబితే, ఎత్తి పెట్టేదెవరో ఆలోచించండి. భర్త కోసం కొన్న బండిని డెబ్బై ఏళ్ల భార్య ఎత్తలేకపోవచ్చు. విడిభాగాల్లో అన్నిటికంటే బరువైనదాన్ని మీరే ఒకసారి లేపి చూడండి.

నడిపి చూడడం షోరూములోని నున్నటి టైల్స్ మీద కాకుండా వీధిలో, రోజూ కట్టుకునే బట్టలతోనే జరగాలి. చీర కుచ్చెళ్లు, పంచె అంచు చక్రాల దరికి వెళ్తున్నాయా, సీటు పక్కకు తిప్పి దిగినప్పుడు పాదం నేలకు ఆనుతున్నదా అన్నవి అప్పుడే తెలుస్తాయి. బొటనవేలి నొప్పి ఉన్నవారు వేగం మీటను పది నిమిషాలపాటు నొక్కి చూడాలి. సాధారణంగా ఆ మీట వదలగానే బండి ఆగి, దానంతటదే బ్రేకు పడుతుంది. కాని బండిని చేత్తో తోసుకోవడానికి వెనుక వైపు ఉండే మరో మీటను తిప్పితే ఆ బ్రేకు పనిచేయదు. వాలు మీద అలా వదిలేస్తే మనిషితో సహా జారిపోతుంది. అది ఎక్కడుందో, ఏ వైపుకు ఉంటే బ్రేకు పడుతుందో డెలివరీ రోజే ఇంటిల్లిపాదికీ చూపించమని అడగండి.