బేరసారాల హక్కు రద్దు బిల్లు వచ్చినప్పుడు టీచర్ల యూనియన్ ఏ పని ముందు చేయాలి

అమెరికాలో ప్రభుత్వ బడి టీచర్ల బేరసారాల హక్కుకు (యూనియన్ ద్వారా జీతం, పని షరతుల మీద ఉమ్మడిగా బేరమాడే హక్కు) కేంద్ర చట్టం అండ లేదు. 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల ఉద్యోగులను పక్కన పెట్టింది. యూనియన్‌తో బేరమాడమని ప్రభుత్వాన్ని రాజ్యాంగం బలవంతపెట్టదని 1979లో సుప్రీంకోర్టు కూడా తేల్చేసింది. అంటే రాష్ట్ర శాసనసభ ఇచ్చిన హక్కును ఆ సభే తీసేయగలదు. మిస్సోరీలా రాష్ట్ర రాజ్యాంగంలోనే ఈ హక్కు రాసి ఉన్నచోట సంగతి వేరు. 2018లో అక్కడ చేసిన ఆంక్షల చట్టాన్ని రాష్ట్ర సుప్రీంకోర్టు 2021లో కొట్టేసింది. మీ రాష్ట్రంలో అలాంటి వాక్యం ఉందో లేదో లాయరును అడగండి, కానీ కోర్టుకెళ్లినా తీర్పు వచ్చేదాకా మిగతా పనులు ఆపకండి.

ముందు బిల్లు పూర్తి పాఠం తెచ్చుకుని చదవండి. వార్తల్లో అన్నిటికీ "రద్దు" అనే రాస్తారు గానీ రాష్ట్రానికో తీరు. యూటాలో 2025 ఫిబ్రవరిలో వచ్చిన చట్టం బేరసారాలను పూర్తిగా నిషేధించింది. విస్కాన్సిన్ 2011 చట్టం (యాక్ట్ 10) మూల వేతనం ఒక్కదాన్నే బేరానికి వదిలింది. అందులోనూ ధరల సూచీని మించి పెంచాలంటే ఓటర్లు ఒప్పుకోవాలి, ఒప్పందం ఏడాదికి మించకూడదు. టెనెసీలో 2011 నుంచి బేరసారాల స్థానంలో "సహకార సంప్రదింపులు" వచ్చాయి. అవి మొదలవ్వాలన్నా 15 శాతం టీచర్లు రాతపూర్వకంగా అడగాలి. ఫ్లోరిడా 2023లో హక్కును ఉంచి షరతులు బిగించింది.

చదువుతూ వెతకాల్సినవి: చట్టం అమలయ్యే తేదీ, ఇప్పటికే నడుస్తున్న ఒప్పందాల గతి, బేరానికి మిగిలిన అంశాలు, గుర్తింపు ఎన్నిక (యూనియన్ తమ ప్రతినిధిగా కొనసాగాలా అని ఉద్యోగులు వేసే ఓటు) నిబంధన, జీతంలోంచి చందా కోత. వీటిలో తేదీకే అన్నిటికన్నా విలువెక్కువ. విస్కాన్సిన్‌లో అమల్లో ఉన్న ఒప్పందాలు గడువు తీరేదాకా చెల్లాయి. అందుకే చాలా స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థలు) చట్టం అమలుకు ముందే ఒప్పందాలను పొడిగించాయి. మీ బిల్లులో అలాంటి వెసులుబాటు ఉంటే ఆ వారాలు వృథా చేయకండి. అయితే తొందరలో జీతాలు, పెన్షన్ మీద భారీ రాయితీలిచ్చి సంతకం చేస్తే, గడువు తీరాక రాయితీలు మిగులుతాయి, రక్షణలు పోతాయి.

గడువు తీరాక ఒప్పందంలోని షరతులు సాధారణంగా డిస్ట్రిక్టును నడిపే స్కూల్ బోర్డు రాసుకునే ఉద్యోగుల హ్యాండ్‌బుక్‌లోకి వెళ్తాయి. హ్యాండ్‌బుక్‌ను బోర్డు ఒంటరిగా మార్చుకోగలదు, చిక్కంతా అక్కడే. కాబట్టి ఒప్పందాన్ని ఒక్కో క్లాజుగా విడగొట్టి మూడు కుప్పలు వేయండి. రాష్ట్ర చట్టంలో ఎలాగూ ఉన్నవి ఒక కుప్ప. బోర్డు విధానంగా ఆమోదించగలిగినవి రెండో కుప్ప: ప్రిపరేషన్ పీరియడ్, తరగతి పరిమాణం, బదిలీ పద్ధతి, సిక్ లీవ్ నిల్వ. ఇక ఎక్కడా నిలవనివి మూడోది. రెండో కుప్పకు వాక్యాలు మీరే రాసి బోర్డుకు ఇవ్వండి. "తగినంత సమయం" అని వదలకుండా నిమిషాలు రాయండి. ఫిర్యాదుల పద్ధతిని మర్చిపోవద్దు: యాక్ట్ 10 కిందే విస్కాన్సిన్ స్థానిక సంస్థలు తొలగింపు, క్రమశిక్షణ, పనిచోటి భద్రత విషయాల్లో నిష్పక్షపాత అధికారి ముందు విచారణ, తర్వాత బోర్డుకు అప్పీలు ఉండే విధానం పెట్టుకోవాలి. మీ చట్టంలో ఇది లేకపోతే విధానంగా అడగండి.

జీతాల స్కేలు పోయి ఎవరికి వారు మాట్లాడుకునే పద్ధతి వచ్చిందా, ఏటా జీతాల జాబితాను బహిరంగ సమాచార చట్టం కింద తీసుకుని అందరికీ పంచండి. హెచ్-1బి వీసా మీదున్న మన టీచర్లకు ఇంకో లెక్క ఉంది. యూనియన్ ఒప్పందం ఉన్నచోట అందులోని జీతమే ప్రామాణిక వేతనం (వీసా పత్రాల్లో చూపాల్సిన కనీస జీతం) అవుతుంది. అది లేనప్పుడు డిస్ట్రిక్టు వేరే ఆధారం చూపాలి, కాబట్టి కొత్త పత్రాల్లో ఏ అంకె వేశారో చూసుకోండి.

గుర్తింపు ఎన్నిక ఉన్నచోట ఓట్ల లెక్క మోసం చేస్తుంది. విస్కాన్సిన్‌లో యూనిట్‌లోని (యూనియన్ తరఫున మాట్లాడే ఉద్యోగుల బృందం) మొత్తం ఉద్యోగుల్లో 51 శాతం "అవును" అనాలి. 200 మంది ఉంటే 102 ఓట్లు కావాలి. 110 మంది వచ్చి 101 మంది మద్దతిచ్చినా ఓటమే. ఓటేయనివాడు వ్యతిరేకించినట్టే. అయోవా 2017 చట్టంలోనూ ప్రతి ఒప్పందం గడువుకు ముందు యూనిట్‌లోని అందరిలో మెజారిటీ రావాలి. పేర్ల జాబితా పెట్టుకుని, ఓటు వేశామని చెప్పినవారి పేర్లను రోజూ కొట్టేస్తూ, మిగిలినవారికి ఫోన్ చేయడమే మార్గం. జాబితాలో ఉద్యోగం మానేసినవారి పేర్లుంటే ఎన్నికకు ముందే అభ్యంతరం చెప్పి తీయించండి. ఫ్లోరిడాలో చందా కట్టే సభ్యులు 60 శాతానికి తగ్గితే గుర్తింపు కోసం మళ్లీ ఎన్నికకు వెళ్లాలి.

జీతంలోంచి కోత ఆగే తేదీకి ముందే చందాను బ్యాంకు ఖాతాకు మార్చండి. కార్డు పెడితే గడువు తీరి, ఎవరూ గమనించకుండానే సభ్యత్వం జారిపోతుంది. ఈ పనులకు బడి ఈమెయిల్, బడి కంప్యూటర్ వాడొద్దు. అది నిబంధనల ఉల్లంఘన కావచ్చు, పైగా ఆ ఉత్తరాలను ఎవరైనా సమాచార చట్టం కింద అడిగి తీసుకోవచ్చు.

రెఫరెండం హక్కున్న (సంతకాలు సేకరించి కొత్త చట్టాన్ని ప్రజల ఓటుకు పెట్టగలిగే) రాష్ట్రమైతే సంతకాల గడువును వెంటనే లెక్కించండి. యూటాలో 2025లో 1,40,748 సంతకాలు కావాల్సి వచ్చింది, పైగా 29 సెనేట్ జిల్లాల్లో కనీసం 15 చోట్ల ఓటర్లలో 8 శాతం చొప్పున రావాల్సి వచ్చింది. 3,20,000కు పైగా సమర్పిస్తే చెల్లినవి రెండున్నర లక్షల పైచిలుకే. 2025 డిసెంబరులో శాసనసభే ఆ చట్టాన్ని వెనక్కి తీసుకుంది. ఒహాయోలో 2011లో 2,31,147 కావాల్సి ఉండగా దాదాపు 13 లక్షలు ఇచ్చారు, అందులో 9,15,456 నిలిచాయి. నవంబరులో 61 శాతానికి పైగా ఓటర్లు ఆ చట్టాన్ని తిప్పికొట్టారు. మీరూ కావాల్సినదానికి కనీసం రెట్టింపు లక్ష్యం పెట్టుకోండి. రిజిస్టర్ కాని ఓటర్లు, పాత చిరునామాలు, రెండుసార్లు పెట్టిన సంతకాలు చాలానే ఎగిరిపోతాయి. విస్కాన్సిన్, టెనెసీల్లో ఈ దారే లేదు.

సమ్మె మాటెత్తే ముందు రాష్ట్ర చట్టంలో శిక్ష చూడండి. ఎక్కువ రాష్ట్రాల్లో అది చట్టవిరుద్ధం. ప్రజలకు మాట్లాడే అవకాశమిచ్చే బోర్డు సమావేశంలో మాత్రం టీచర్లను ఆపలేరు: బహిరంగ సమావేశంలో టీచరు నోరు మూయించకూడదని 1976లోనే మాడిసన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నెలనెలా సమావేశానికి ముందే పేర్లు నమోదు చేసుకుని, ఒక్కొక్కరు ఒక్కో క్లాజు మీద మాట్లాడండి.